నిదానంగా నేర్చుకునే బిడ్డలు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన కొడవలూరులో గాని, చుట్టుపక్కల పల్లెల్లో గాని డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డ పుడితే ముందుగా వచ్చే మాట "ఎవరి పాపమో" అని. కడుపుతో ఉండి గ్రహణంలో తిరిగిందని కోడలిని ఆడిపోసుకునే వాళ్లూ ఉన్నారు. ఈ మాటల్లో నిజం లేదని ఉపాధ్యాయులుగా మేము మనవి చేస్తున్నాము.

మనిషి కణంలో మామూలుగా 46 క్రోమోజోములు ఉంటాయి. ఈ బిడ్డల్లో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండి, లెక్క 47 అవుతుంది. ఈ సంగతి 1959లో పారిస్‌లో తేలింది. 1866లో ఈ లక్షణాలను వర్ణించిన ఇంగ్లండు డాక్టరు పేరు లాంగ్డన్ డౌన్. ఆయన పేరే దీనికి పెట్టారు గాని, 'డౌన్' అంటే తక్కువవాడని అర్థం కాదు. తల్లి వయసు పెరిగేకొద్దీ అవకాశం హెచ్చుతుంది. చిన్న వయసు తల్లులకూ పుడతారు. చాలామందిలో ఇది వంశపారంపర్యం కాదు. ఇందులో ఎవరి తప్పూ లేదు.

ఇది మందుతో పోయేది కాదు. కాని వెంట వచ్చే జబ్బులకు వైద్యం ఉంది. సుమారు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. నెల్లూరు రొట్టెల పండుగలో ఆరోగ్య రొట్టె పట్టుకోండి, కాదనము. దానితోపాటు బిడ్డకు గుండె ఎకో పరీక్ష కూడా చేయించండి. చెవులు, కళ్లు, థైరాయిడ్ చూపించండి. వినపడక పలకని బిడ్డను మొద్దు అనుకోవడం ఎంత అన్యాయం!

ఇక చదువు. అలిఫ్, బే ఒకడు నెలలో దిద్దితే ఈ బిడ్డకు ఏడాది పట్టవచ్చు. పట్టనివ్వండి. నోటితో చెప్పి ఊరుకోక వస్తువు చూపాలి, బొమ్మ చూపాలి, ఒక పనిని ముక్కలు చేసి రోజూ చేయించాలి. బొత్తాలు పెట్టుకోవడం, వజూ చేయడం, అంగట్లో చిల్లర లెక్క చూసుకోవడం, ఇవన్నీ చదువే. 40 శాతం వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్యను 2016 చట్టం హక్కుగా ఇచ్చింది. ఏ బడిలోనైనా వద్దంటే తలవంచుకొని వెనక్కి రాకండి, మాతో చెప్పండి.

"మేము పోయాక వీడి గతేమి?" అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మంచి వైద్యం అందినచోట వీరిలో చాలామంది ఇప్పుడు 60 ఏళ్ల దాకా బతుకుతున్నారు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద, 18 నిండినవారికి సంరక్షకుణ్ణి జిల్లా స్థాయి కమిటీ ద్వారా నియమించుకోవచ్చు. ఆ ట్రస్టు వారి నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు వస్తుంది. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ పరీక్షలు, శిక్షణ, సలహా ఇస్తుంది. ముందుగా వైకల్య సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆ దరఖాస్తులు నింపిపెట్టే పని మన సంఘం యువకులు నెత్తిన వేసుకోవాలి.

చివరగా ఒక విన్నపం. 'దివానా' అనే పిలుపు మానండి. ఆ బిడ్డకు పేరుంది, పేరు పెట్టి పిలవండి. పెళ్లికి పిలిచినప్పుడు ఆ బిడ్డను కూడా తీసుకురమ్మని నోరు తెరిచి చెప్పండి. సెలవు.