‘వారెన్’ అను మాట



మన చేలలో తిరుగు అడవికుందేలు బొరియ త్రవ్వదు; పొదలమాటున పండుకొనును. ఐరోపా కుందేలు అట్టిది కాదు. అది గుంపులుగా నేలలో బొరియలు త్రవ్వుకొని కాపురముండును. ఆ బొరియల సముదాయమును ఆంగ్లేయులు ‘వారెన్’ అందురు. చాలకాలము బడిలో పాఠములు చెప్పినవాడను గనుక, మాట కనబడినచో దాని పుట్టుక విచారింపక యుండజాలను. ఈ మాటలో భూమిహక్కుల చరిత్ర కొంత దాగియున్నది.

ఈ పదమునకు మొదటి అర్థము బొరియ కాదు. నార్మనులు 1066లో ఇంగ్లండును జయించిరి. వారి ఫ్రెంచిభాషలో ఇది వేటకై కాపాడబడిన భూమికి పేరు. ‘కాపాడు’ అను అర్థముగల జర్మానిక ధాతువు దీనికి మూలమని పెక్కుమంది మతము; గుంజను చెప్పు గాలు దేశపు ప్రాచీన పదము మూలమని కొందరందురు. మొదటి మతమే ప్రబలము. మనకు కచేరీలలో పరిచితమైన ‘వారంటు’, అంగళ్లలో వినబడు ‘గ్యారంటీ’ ఆ ధాతువు సంతానమే. ఉత్తర ఫ్రాన్సువారు వకారముగా పలికినదానిని తక్కినవారు గకారముగా పలికిరి. ఆవరణము, వర్మము అను మాటలకు మూలమైన మన ‘వృ’ ధాతువును దీనికి జ్ఞాతియే యని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు.

అయితే ఈ కాపుదల యెవరికొరకు? కుందేలుకొరకు కాదు, వేటాడు ప్రభువుకొరకు. రాజు ‘ఫ్రీ వారెన్’ అను హక్కును శాసనపూర్వకముగా ఇచ్చెడివాడు. అది పొందినవాని యనుమతి లేక ఆ నేలపై కుందేళ్లను, కౌజులను ఇతరులు పట్టరాదు. ఐబీరియా ద్వీపకల్పము జన్మస్థానమైన ఈ కుందేళ్లను నార్మనులు తెచ్చి, మాంసమునకును బొచ్చుతోలునకును పెంచిరి. వానికై మట్టిదిబ్బలు పోయించి, కావలివారిని నియమించిరి. నార్ఫోకు మండలమందలి థెట్‌ఫర్డు చెంత, సుమారు 1400లో కట్టిన కావలివాని రాతియిల్లు నేటికిని నిలిచియున్నది.

కుందేలు కంచెలోనే యుండునా? బయటపడి పైరు మేయును. కౌలురైతు శిస్తు చెల్లించియు, తన పైరు మేయు జంతువును చంపుటకు తరచుగా హక్కు లేనివాడై యుండెను. 1880లో వచ్చిన చట్టము, తాను సాగుచేయు నేలలో కుందేళ్లను చంపు హక్కును అతనికి నొసగెను. ఏ ఒప్పందముచేతను దానిని తొలగింపరాదనెను. రాజశాసనపు పాతహక్కు 1971 చట్టముతో రద్దయ్యెను.

ఈలోపల మాట తన దారిని తాను నడచినది. వేటభూమి నుండి కుందేళ్ల దొడ్డికి, దొడ్డి నుండి బొరియకు, బొరియ నుండి ఇరుకుసందులలో జనము క్రిక్కిరిసియుండు వాడలకును దిగివచ్చినది. ప్రభువు హక్కునకు పుట్టిన పేరు బీదలయిండ్లకు మిగిలినది!

కంచె చేను మేసిన సామెత మనకు క్రొత్త కాదు. ఇచట కంచెచాటు జంతువే చేను మేసినది. కావున ఎవరేని రక్షణయని కంచె నాటినపుడు, అది ఎవరికొరకు, ఎవరి ఖర్చుపై అని అడుగుట గ్రామపెద్దల ధర్మమని నా మనవి.