మన యవ్వలను స్మరింతము



లంకల గన్నవరమందు డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ చూడక, కులమడుగక, వచ్చినవారికెల్ల నన్నమిడిరి. 2024లో మన ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు వారి పేరిడినది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెలలోను నట్టి యవ్వలుండిరి. తెల్లవారకమున్నే జొన్నలు విసరి, పగలెల్ల చేనిలో కలుపు దీసి, మాపు సంగటి కెలికి, బాటసారికి ముద్ద యుంచిన పిదపనే తాము భుజించిరి. మమ్ము చదివించినదియు నట్టి యవ్వయే, ఆమె వ్రాలెరుగదు. అన్నదానమహిమను శాస్త్రములందు చదువకమున్నే యామె చేతియందు చూచితిమి.

మన సంచికల దాతల పట్టికలలో ధనమిచ్చినవారి పేరులున్నవి. ధాన్యము కొలిచిన చేతుల పేరులు లేవు. ఎరిగినవారుండగనే ఊరికొక యవ్వ చరిత్రము వ్రాయింతము. ఆమె పేర నొక పేదబాలికకు చదువు చెప్పించుటకు దాతలు పూనుకొందురుగాక!