అంబాసిడరు యింజనులో నిప్పు వేళ
(ప్రసంగ పాఠము)



అంబాసిడరు కారు 1957 మొదలు 2014 వరకు కలకత్తా సమీపమున ఉత్తరపారాలో తయారైనది. ఢిల్లీ కార్యాలయముల ముంగిట ఆ తెల్లని కారు బారులు తీరి నిలిచిన దృశ్యము కేంద్ర ప్రభుత్వోద్యోగులకు క్రొత్త కాదు. నేడు ఆ కారును ప్రేమతో దాచుకొన్నవారు యింజనును విప్పించి, క్రొత్త రింగులును బేరింగులును వేయించి, తిరిగి బిగింపించుచున్నారు. ఇంత వ్యయమైన పిమ్మట ఒక్కొక్కప్పుడు యింజను లేవదు. లేచినను దగ్గును, తుమ్మును, వేడెక్కును. అట్టి వేళ చేయవలసినదియు, చేయరానిదియు ఈ ప్రసంగమునకు విషయము.

తండ్రి కొన్న కారులో కుమార్తెను అత్తవారింటికి పంపవలెనని ఒక విశ్రాంతోద్యోగి సంకల్పించెననుకొనుడు. పెండ్లి వారము దినములున్నది. బిగించిన యింజను లేవలేదు. మెకానిక్కు డిస్ట్రిబ్యూటరును త్రిప్పెను; కాయిలు మార్చెను; కార్బురేటరు విప్పెను; తీగెలు తారుమారు చేసెను. సాయంకాలమునకు మొదట సరిగా నున్నదేదో, చెడినదేదో చెప్పగలవారు లేకపోయిరి. మరునాడు హెడ్డు విప్పుదుమను మాట వచ్చును. తరచుగా దోషము లోపల నుండదు. నిప్పురవ్వ పుట్టవలసిన క్షణము మాత్రమే తప్పియుండును.

ఆ క్షణమెంత సూక్ష్మమో గమనింపదగినది. నిమిషమునకు 1500 సార్లు తిరుగు క్రాంకు ఒక డిగ్రీ కదలుటకు సెకనులో 9000వ వంతు పట్టును. పెట్రోలు ఆవిరి మండుటకు కొంత వ్యవధి కావలయును గనుక, పిస్టను పైకొసకు చేరుటకు కొన్ని డిగ్రీల ముందే రవ్వ పుట్టవలెను. మిక్కిలి ముందైనచో యింజను లోపల సుత్తితో కొట్టినట్లు మ్రోగును. అట్లే నడిపించినచో పిస్టనుకే ముప్పు. ఆలస్యమైనచో బలము తగ్గి, వేడి పొగగొట్టము పాలగును.

ఇక మొదటి పొరపాటు. నాలుగు పనుల చక్రము ముగియులోపల పిస్టను రెండుమార్లు పైకొసకు వచ్చును: ఒకమారు ఆవిరిని అదిమి, మరొకమారు పొగను వెడలగొట్టి. క్రాంకు పుల్లీపై గుర్తు రెండుమార్లును ఒకే చోటికి వచ్చును. కావున గుర్తును మాత్రమే నమ్మినవాడు సగము సందర్భములలో మోసపోవును. మొదటి ప్లగ్గు తీసి రంధ్రముపై వ్రేలుంచి క్రాంకు త్రిప్పినచో, గాలి వ్రేలిని నెట్టుచు వచ్చినదే అదుముడు. టాపెట్ల మూత తీసినను తెలియును: అప్పుడు నాలుగవ సిలిండరు వాల్వులు రెండును ఊగిసలాడుచుండును; మొదటి సిలిండరువి మూసికొని యుండును.

రెండవ పొరపాటు గుర్తుదే. విప్పి బిగించుటలో వేరొక యింజను పుల్లీయో, ముందు మూతయో వచ్చి చేరవచ్చును. అప్పుడు గుర్తు అబద్ధమాడును. పిస్టను నిజముగా ఎక్కడ నున్నదో చూచి, గుర్తును సరిపోల్చుకొనవలెను.

మూడవది డిస్ట్రిబ్యూటరును నడుపు గేరు. దానిని ఏ పంటితోనైనను కూర్పవచ్చును. ఒక పన్ను తప్పినను రోటరు వేరొక దిక్కు చూచును. రోటరు తిరుగు దిక్కును కన్నులార చూచి, ఆ దిక్కుననే 1, 3, 4, 2 అను వరుసలో తీగెలు పెట్టవలెను.

ఇవి సరియైన తరువాతనే వేళ దిద్దుట ఆరంభింపవలెను. ముందుగా పాయింట్ల ఎడము. ఈ తరగతి లూకాసు డిస్ట్రిబ్యూటర్లలో అది అంగుళములో వేయింట 14 నుండి 16 వంతులు. ఎడము పెంచినచో పాయింట్లు ముందుగా విడిపోవును; నిప్పు వేళయు ముందునకు జరుగును. కావున వేళ దిద్దిన పిదప ఎడము మార్చినచో చేసిన పనియంతయు వ్యర్థము.

తరువాత క్రాంకును అది తిరుగు దిక్కుననే త్రిప్పి, కారు పుస్తకములో చెప్పిన డిగ్రీల యొద్ద నిలుపవలెను. 12 వోల్టుల చిన్న బల్బు ఒక తీగెను డిస్ట్రిబ్యూటరు ప్రక్కనున్న సన్నతీగె కొసకును, రెండవ తీగెను యింజను లోహమునకును తగిలించి, ఇగ్నిషన్ తాళము త్రిప్పవలెను. పాయింట్లు కలిసియున్నప్పుడు బల్బు వెలుగదు. డిస్ట్రిబ్యూటరును రోటరు తిరుగు దిక్కునకు ఎదురుగా మెల్లగా త్రిప్పుచుండగా బల్బు వెలిగిన చోటే సరియైన చోటు. అక్కడనే మర బిగింపవలెను. ఇంత జేసినను వేగము పెంచినప్పుడు బలము చాలదేని, లోపలి బరువుల స్ప్రింగులను, వాక్యూం పొరను పరీక్షింపవలెను. వేళ కుదిరినను ఊపిరి సరిగా లేనిచో, టైమింగు చైను ఒక పన్ను తప్పినదేమో చూడవలెను. అది డిస్ట్రిబ్యూటరును త్రిప్పుటవలన తీరెడు దోషము కాదు.

ఒక హెచ్చరిక. నిప్పు వేళ మిక్కిలి ముందున్న యింజనును హ్యాండిలుతో లేపబోయినచో అది వెనుకకు తన్నును, మణికట్టు విరుగును. బొటనవ్రేలిని మిగిలిన వ్రేళ్ల ప్రక్కనే యుంచి, హ్యాండిలును పైకి లాగవలెనే గాని క్రిందికి నొక్కరాదు.

పైని విశ్రాంతోద్యోగి కారు లేవకపోవుటకు మెకానిక్కునకు నేర్పు లేకపోవుట కారణము కాదు; వరుస లేకపోవుట కారణము. ఒకదానిని మార్చి, ఫలము చూచి, కాగితముపై వ్రాసికొని, తరువాతనే రెండవదానిని ముట్టవలెను. ఫైలులో ఒక కాగితము తప్పిపోయినప్పుడు బీరువా యంతయు నేలపై గుమ్మరించువాడు దానిని కనుగొనలేడను సంగతి ఈ సభలోనివారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఓర్పుతో వరుస తప్పక వెదకినచో, పెండ్లినాటి ఉదయమున తాళము త్రిప్పగానే ఆ పాత యింజను పలుకును. తండ్రి నడిపిన కారులోనే కుమార్తె అత్తవారింటికి సాగిపోవును.