నీరటికి మేర



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది కొద్ది నెలల్లో మొదటి జీతం అందుకుంటారు. అమ్మకు చీర కొంటారు, నాన్న చేతిలో కొంత పెడతారు, చదువు అప్పు వాయిదా కడతారు. ఆ జీతంలో మరో చిన్న వాటా కూడా ఉంది. అది ఎవరికి చెందాలో చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను.

మా ఊరి చెరువుకు ఒక నీరటి ఉండేవాడు. తెల్లవారకముందే పార భుజాన వేసుకుని కట్ట మీదికి వెళ్లేవాడు. తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎంత తడి అందిందో చూడడం, కట్టకు ఎండ్రకాయలు బొక్కలు పెడితే మట్టి కొట్టి మూయడం ఆయన పని. వానాకాలం రాత్రుళ్లు ఊరంతా నిద్రపోతుంటే ఆయన లాంతరు పట్టుకుని కట్ట మీద తిరిగేవాడు. కోతలయ్యాక, ధాన్యం ఇంటికి చేరకముందే, ఆయకట్టు రైతులు కళ్లం దగ్గరే ఆయనకు మేర కొలిచేవారు. కొలతలో ఆయనకు అన్యాయం జరిగిన ఏళ్లూ ఉన్నాయి. అయినా మేరను ఎవరూ దానం అనలేదు. ఆ నీళ్లతో పండిన పంటలో అది ఆయన వాటా.

మీ చదువు కూడా ఇలాంటి చెరువుల కిందే పండింది. మీరు పరీక్ష ఫీజు కట్టినప్పుడు మీ వివరాలు దారిలో ఎవరి కంటా పడకుండా కాపాడే సాఫ్ట్‌వేర్లలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఒకటి. ప్రపంచంలో లెక్కలేనన్ని సర్వర్లు దాని మీద ఆధారపడ్డాయి. 2014 ఏప్రిల్‌లో అందులో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. సర్వర్ మెమరీలోని రహస్యాలు పరాయివాళ్లు చదవగలిగేంత పెద్ద లోపం అది. ఆ ప్రాజెక్టుకు ఏడాదికి వస్తున్న విరాళాలు సుమారు 2,000 డాలర్లేనని, పూర్తికాలం పనిచేసేది ఒక్కరేనని లోకానికి అప్పుడు తెలిసింది. పెద్ద కంపెనీలు చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాయి.

పదేళ్ల తర్వాత, 2024 మార్చిలో, ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో అంతకన్నా బాధాకరమైన సంగతి జరిగింది. దాన్ని దాదాపు ఒంటరిగా మోస్తూ అలసిపోయిన మనిషికి సాయం చేస్తానంటూ ఒకరు చేరారు. రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, చివరికి అందులో దొడ్డిదారి పెట్టారు. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీయబట్టి గండి తప్పింది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. కానీ తూము దగ్గర కాపలా ఉన్నవాడికి ఊళ్లోకి వచ్చి అడిగే తీరిక ఉండదు. కాబట్టి ఎవరు గట్టిగా అడిగారన్నది కొలత కాకూడదు. ఒక్క వారం పాటు మీరు వాడిన ఉచిత సాఫ్ట్‌వేర్లన్నీ కాగితం మీద రాయండి. ఒక్కోదాన్నీ ఎందరు మోస్తున్నారో చూడండి. ఎక్కువ బరువు తక్కువ భుజాల మీద ఉన్న చోటే మీ రూపాయికి పని ఉంది.

ఈ మధ్య ఒక కళాశాల గ్రంథాలయంలో చూపులేని ఒక అమ్మాయిని చూశాను. ల్యాప్‌టాప్ తెర నల్లగా ఉంది, ఆమె వేళ్లు మాత్రం ఆగకుండా ఆడుతున్నాయి. ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవికిచ్చింది. ఆ గొంతు చదివే వేగానికి నాకొక్క ముక్కా అందలేదు. ఆమె మాత్రం మధ్యలో ఆపి ఒక అక్షరదోషం దిద్దుకుంది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఆ సాఫ్ట్‌వేర్ పేరు ఎన్‌విడిఎ. తెర చదివే సాఫ్ట్‌వేర్ల ధర కంప్యూటర్ ధరనే మించిపోతున్న రోజుల్లో, 2006లో, ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే అంధ యువకుడు దాన్ని మొదలుపెట్టాడు. తనలాగే చూపులేని మిత్రుడు తోడయ్యాడు. నేటికీ అది ఉచితం. తెలుగూ చదువుతుంది. దాన్ని నడిపేది లాభాపేక్ష లేని సంస్థ.

ఇలాంటి సేవాసంస్థలకు ఇచ్చేటప్పుడు, పెద్దలన్నట్టు, అపాత్రదానం వద్దు. పాత్రత తెలుసుకోవాలంటే ఆడిట్ అయిన లెక్కలు అడగండి. ‘ఈ ఏడాది మీరు అనుకున్నదేది కుదరలేదు?’ అని కూడా అడగండి. దానికి సూటిగా బదులిచ్చే సంస్థను నమ్మవచ్చు. పన్ను మినహాయింపు పత్రం చట్టపరమైన గుర్తింపే తప్ప పనితనానికి హామీ కాదు. జీతాలకు ఖర్చు పెట్టారని తప్పుపట్టకండి. బడి నడిపే సంస్థలో టీచరు జీతమే అసలు సేవ.

పది చోట్ల చల్లకండి. రెండు మూడు ఎంచుకుని నెలనెలా ఇవ్వండి. నెలకు ఇంత వస్తుందన్న ధీమా ఉంటేనే వాళ్లు రేపటి పని తలకెత్తుకోగలరు. ఉద్యోగి ఇచ్చినదానికి అంతే మొత్తం కలిపే కంపెనీలున్నాయి, చేరిన వారంలోనే కనుక్కోండి. ఇంకా ఉద్యోగం రాని వాళ్లు ఉచిత సాఫ్ట్‌వేర్లలో లోపాలు కనిపెట్టి తెలియజేయండి, ఆ సాఫ్ట్‌వేర్లను తెలుగులోకి అనువదించండి. ఆ శ్రమ కూడా మేరే.

మీ కళ్లం నిండాలని మనసారా దీవిస్తున్నాను. మొదటి జీతం అందిన రోజున, ధాన్యం ఇంటికి చేరకముందే, మీ నీరటికి మేర కొలవండి.