ప్రవాసానుభవ రచనల పోటీ: మన కర్తవ్యము

(ఆర్మూరు వార్షిక సభయందు సాహిత్యశాఖ పక్షమున చేసిన ఉపన్యాసము)



ఉదయమునుండి ఈ వేదికపై పెద్దలు విద్యార్థి వసతిగృహమును గూర్చియు, నేతపనివారల కష్టములను గూర్చియు విపులముగా ప్రసంగించిరి. మాకు ఒప్పగింపబడిన విషయము వానికంటె చిన్నదిగా తోచవచ్చును. రాబోవు సంవత్సరమున మన సంఘము పక్షమున, వలసపోయినవారి జీవితమును గూర్చి రచనల పోటీ యొకటి నడుపవలెననియు, బహుమానముల ఖర్చును ముద్రణవ్యయమును దాతలు వహింపవలెననియు సాహిత్యశాఖవారు తీర్మానము ప్రతిపాదించుచున్నారు. దానిని బలపరచుటకు మేము నిలిచితిమి.

సిద్ధులగుట్ట నీడను వెలసిన ఈ ఆర్మూరు పసుపునకు పేరుపడిన ఊరు. పసుపు ధర విషయమున ఈ ప్రాంతమువారు ఎన్నడును మౌనము వహింపలేదు. 2019 లోకసభ ఎన్నికలలో నిజామాబాదు స్థానమునకు 185 మంది అభ్యర్థులు నిలిచిరి. వారిలో అత్యధికులు పసుపు, ఎఱ్ఱజొన్న పండించు రైతులే. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదునందు ఆరంభమయ్యెను. పంటను గూర్చి ఇంత గట్టిగా నోరు విప్పిన ఈ సీమ, బ్రతుకుతెరువునకై పరదేశము పోయిన తన బిడ్డలను గూర్చి మాత్రము ఇంకను నోరు విప్పలేదు. ఈ కొఱత తీర్చుటయే మా ప్రతిపాదన యొక్క ఉద్దేశము.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మన ఉత్తర తెలంగాణమున ఒక నానుడి కలదు. మూడు మాటలలో మన వలసచరిత్రయంతయు ఇమిడియున్నది. సింగరేణి గనులలో దిగినవారు కొందఱు. బొంబాయి పోయినవారు కొందఱు. ఆ నగరమునందలి కామాటిపురకు ఆ పేరు, కట్టడపు పనులకై నిజాము రాజ్యమునుండి పోయిన తెలుగు కామాటీలవలననే వచ్చినది. మన కులమువారు ముఖ్యముగా మగ్గమును వెదకుకొనుచు పోయిరి. షోలాపురమునందు మొదటి నూలుమిల్లు 1877లో స్థాపింపబడెను. ఆ నగరపు తూర్పుభాగమున నేటికిని మన తెలుగు వినబడును. అచ్చటి చద్దరులలో మన చేతిపని కనబడును. పిమ్మట భివండి, సూరతు మరమగ్గములకు వేలకొలది పోయిరి. భివండియందలి పద్మనగరము పేరు వినినంతనే అది ఎవరి నివాసమో తెలియును. 1973లో చమురు ధర పెరిగి అరబ్బు దేశములలో కట్టడపు పనులు విస్తరిల్లిన పిమ్మట మూడవ మాట పుట్టినది. మస్కటు పోయినను, కువైటు పోయినను, సౌదీ పోయినను మన పల్లెలలో “దుబాయి పోయిండు” అనియే అందురు. ఇప్పుడు అమెరికా, ఆస్ట్రేలియాలు నాలుగవ మాటగా చేరుచున్నవి.

ఇంత వలస జరిగినది గదా, పోయినవారు స్వయముగా వ్రాసిన వ్రాత మనయొద్ద ఎంత కలదు? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము చెప్పుటకు మేము మా యింటి సంగతి యొకటి విన్నవింపవలసియున్నది.

మా అన్నగారు చిన్నతనముననే అరబ్బు దేశము పోయిరి. ఆ దినములలో ఉత్తరము వ్రాయుట రానివారు మాటలను టేపులో నింపి, సెలవుపై వచ్చువారిచేత పంపెడివారు. మా తల్లిగారు చాటలో తునికాకును తంబాకును పెట్టుకొని బీడీలు చుట్టుచు ఆ టేపులను మఱల మఱల వినెడివారు. పిమ్మట వానిని రేకుపెట్టెలో దాచిరి. ఆమె గతించిన తరువాత మేము ఆ పెట్టెను తెరచి, ఒక యంత్రమును సంపాదించి విన యత్నించితిమి. టేపు చుట్టలు ఒకదానికొకటి అంటుకొనిపోయినవి. గొణుగుడు తప్ప మాట వినబడలేదు. ఇప్పటి పిల్లలు వాట్సాపులో పంపు మాటలు అంతకన్న త్వరగా నశించుచున్నవి. ఫోను మారినచో మాట పోయినది.

ఇంతకంటె చెప్పరానిది మఱియొకటి కలదు. మా అన్నగారు రెండవసారి పోయినపుడు దళారి చెప్పిన పని యొకటి, అచ్చట చేయించిన పని వేఱొకటి. జీతము చేతికి రాలేదు. పాసుపోర్టు యజమానియొద్ద చిక్కుకొనెను. తుదకు ఔట్‌పాసుపై, కట్టుగుడ్డలతో ఇల్లు చేరిరి. వాడలో అందఱు అడిగిరి. మేము ఏమి చెప్పితిమి? “సెలవు మీద వచ్చిండు” అని చెప్పితిమి. అప్పులవారు పైబడుదురని భయము. చెల్లెలికి సంబంధము చెడునని భయము. మా మాట నమ్మి, మూడు నెలలు గడవకమునుపే మా వాడలోని మఱియొక చిన్నవాడు అదే దళారి చేతిలో సొమ్ము పోసి పోయెను. అతడును అట్లే తిరిగివచ్చెను. అతని తండ్రి మమ్ము నిందింపలేదు. “మీరు జెర ముందుగాల జెప్తే మంచిగుండు” అని మాత్రము అనెను. ఆ మాట నేటికిని మా చెవులనుండి పోలేదు.

సోదరులారా! పరువు కొఱకు మేము పాటించిన మౌనమునకు వెల యొరుల బిడ్డ చెల్లించెను. ఇట్టి మౌనము ఎన్ని యిండ్లలో కలదో మీకు తెలియనిది కాదు. కావుననే ఈ పోటీని మేము వినోదకార్యముగా భావించుటలేదు.

దీనికి మూడు ఆక్షేపణలు వినబడుచున్నవి.

మొదటిది, చదువురాని కూలివారు ఏమి వ్రాయుదురని. తెలంగాణమున కవులు పూజ్యమని ఒకప్పుడొకరు వ్రాయగా, సురవరము ప్రతాపరెడ్డిగారు తర్కించి ఊరకుండలేదు. పల్లెపల్లెనుండి పద్యములు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు కనబడిరి. అడిగినవారు లేనందున లేరనిపించిరి గాని, లేక కాదు. ఇక వ్రాయుట రానివారి మాట. తోతారామ్ సనాఢ్యుడను ఉత్తరదేశీయుడు ఫిజీదీవిలో గిర్మిటు కూలిగా చేరి, 21 సంవత్సరములుండి 1914లో తిరిగివచ్చెను. ఆయన చెప్పుచుండగా బనారసీదాస చతుర్వేదిగారు హిందీలో వ్రాసి గ్రంథముగా ప్రకటించిరి. గిర్మిటు పద్ధతి నశింపవలెనని పాటుపడినవారి చేతిలో అది యొక ఆయుధమయ్యెను. 1917లో కూలీలను పంపుట నిలిచెను. 1920 జనవరి 1వ తేదీతో ఫిజీలో ఆ కట్టుబాటే రద్దయ్యెను. మన కాలమున కేరళదేశమున బెన్యామిన్‌గారు, ఎడారిలో మేకలు కాచి బయటపడిన యొక మలయాళీ చెప్పిన అనుభవమును ఆధారము చేసికొని 2008లో “ఆడుజీవితం” అను నవలను ప్రకటించిరి. చెప్పువాడొకడు, వ్రాయువాడొకడు. రెండుచోట్లను ఆ వినువాడు దొరకుటయే ముఖ్యము.

రెండవ ఆక్షేపణ, ఇట్టి కథలు అచ్చువేసినచో కులమునకు అపకీర్తి యని. కష్టపడి మోసపోవుట అపకీర్తి కాదు. మోసమును ఎఱిగియు దాచుట అపకీర్తి. మోసగించినవారిలో మనవారును ఉండవచ్చును. ఆ మాటను ఈ సభలోనే చెప్పుట మంచిది. అట్లని పోటీకి దుఃఖకథలే రావలెనని మేము కోరుటలేదు. దుబాయి సొమ్ముతో అప్పు తీర్చి, ఇల్లు కట్టి, తమ్ములను చదివించినవారు ఎందఱో కలరు. షోలాపురమున తెలుగు నేతకుటుంబమునందు జన్మించిన డాక్టరు లక్ష్మీనారాయణ బోల్లిగారు మరాఠీ సాహిత్యమున పేరొందిన రచయితలైరి. సుఖమును వ్రాయవలెను, కష్టమును వ్రాయవలెను. ఉన్నది ఉన్నట్లు వ్రాయవలెను.

మూడవ ఆక్షేపణ, ఈ ధనము వసతిగృహమునకు ఇచ్చిన మేలుగదా యని. వసతిగృహమునకు ఇయ్యవలసినది తగ్గించి దీనికి ఇండని మేము కోరము. కాని యొకటి ఆలోచింపుడు. 2024లో తెలంగాణ ప్రభుత్వము గల్ఫు దేశములలో మరణించిన కార్మికుల కుటుంబములకు 5 లక్షల రూపాయల సహాయము ఏర్పరచినది. అది మెచ్చదగిన కార్యము. మరణించినవానికి ఈ విధముగా లెక్క యేర్పడినది. బ్రతికి తిరిగివచ్చినవాని అనుభవమునకు లెక్క ఎవరు కట్టుదురు? ఆ పని ప్రభుత్వము చేయలేదు. మనమే చేయవలెను.

పోటీ ఎట్లు నడుపవలెనో సంగ్రహముగా విన్నవింతుము.

రచనలు మూడు తరగతులుగా నుండవలెను. మొదటిది పోయివచ్చినవారిది. రెండవది ఇంట నిలిచినవారిది. భర్త పరదేశమున నుండగా అత్తమామలను సాకి, పిల్లలను పెంచి, వేయి బీడీలకింతయను కూలితో సంసారమును ఈదిన మన సోదరీమణుల మాట లేక వలసచరిత్ర సగమే యగును. మూడవది షోలాపురము, భివండి, సూరతు మొదలు అమెరికా వఱకు అన్యదేశములందు పుట్టి పెరిగిన బిడ్డలది.

వ్రాయలేనివారు చెప్పవచ్చును. మన కళాశాలా విద్యార్థులు వారి ఇండ్లకు పోయి విని వ్రాయవలెను. వ్రాసినదానిని చెప్పినవారికి చదివి వినిపించి, వారు ఒప్పిన పిమ్మటనే పంపవలెను. బహుమానము చెప్పినవారిది, వ్రాసిపెట్టిన విద్యార్థికి వేఱుగా పారితోషికము. మేము ఈ వేదికపై గ్రాంథికమున మాటలాడుచున్నను, పోటీకి వచ్చు రచనలను గ్రాంథికమునకు దిద్దుట తగదు. ఆర్మూరువాడు ఆర్మూరు మాటలోనే వ్రాయనిండు. తెలుగు మాటలాడుచు తెలుగు లిపి నేరని షోలాపురపు బిడ్డ మరాఠీ లిపిలో వ్రాసినను స్వీకరింపవలెను. పసుపు కొమ్మును పాలిషు పట్టినచో చూపునకు మెఱయును గాని, లోపలి రంగు దానివలన రాదు. రచనలును అంతే.

ఇప్పటికిని పరదేశమున పనిచేయుచున్నవారి పేరులు, యజమానుల పేరులు అచ్చున దాచవలెను; నిజము చెప్పినందుకు ఎవరి పొట్టయు కొట్టబడరాదు. రచనలు పేరులు లేక, అంకెలతో మాత్రమే న్యాయనిర్ణేతలకు చేరవలెను. నిర్ణేతలలో సగముమందియైనను మన కులమునకు వెలుపలివారై యుండవలెను. ఎన్నికైన రచనలన్నియు వచ్చు సంవత్సరపు సంచికలో ప్రకటించి, ప్రతులను జిల్లాలోని గ్రంథాలయములకును, షోలాపురము, భివండి సంఘములకును ఉచితముగా పంపవలెను.

తుదకు దాతలకు ఒక మనవి. మీ పెద్దలలో ఎవరో యొకరు మూటముల్లె నెత్తిన పెట్టుకొని ఊరు విడచినవారే. వారి పేర బహుమానము నెలకొల్పుడు. ఆ పేరు సంచికలో ముద్రింపబడును. కాని బహుమానమిచ్చినవారు గాని, వారి బంధువులు గాని నిర్ణయమున చేయిపెట్టరాదు. ఏ రచనయైనను దళారులను గూర్చియో, మన సంఘమును గూర్చియో, దాతల వర్తకమును గూర్చియో చేదుమాట పలికినను ధనమును వెనుకకు తీసికొనరాదు. ఈ నియమము కొందఱికి కఠినముగా నుండునని ఎఱుగుదుము. నియమము లేని పోటీకి పొగడ్తలే వచ్చును. పొగడ్తలు చదివి ఏ తండ్రియు దళారిని నాలుగు ప్రశ్నలు అడుగనేర్వడు.

మా అన్నగారు ఇప్పుడు వృద్ధులైరి. ఈ పోటీ సంగతి చెప్పి, మీ కథను చెప్పుదురా యని అడిగితిమి. చాలసేపు ఊరకుండి, “అప్పుడు అబద్ధమాడినం గద, గది గూడ రాయాల్నా?” అని అడిగిరి. వ్రాయవలెననియే చెప్పితిమి. వారు ఒప్పుకొనిరి. పోటీ నియమముల ప్రకారము నిర్ణేతలకు వారి పేరు తెలియరాదు. మేము ఈ సభలో చెప్పితిమి గనుక వారి రచనను బహుమానమునకు లెక్కింపవలదని ముందుగనే మనవి చేయుచున్నాము. అచ్చైన చాలును.

సభవారు ఈ తీర్మానమును ఏకగ్రీవముగా ఆమోదింతురనియు, ఇంటికి పోయిన పిమ్మట ఒక్కొక్కరు తమ యింట వలసపోయివచ్చిన యొకరి యెదుట కూర్చుండి వారి మాటను తుదివఱకు విందురనియు ప్రార్థించుచున్నాము.