పార్కులో తిరిగే రక్షకులు

చీకటి పడకముందే ఆడవాళ్లు, పెద్దవాళ్లు భయపడి పార్కులోంచి వచ్చేస్తున్నారంటే, ఆ పార్కు ఊరి చేజారిపోతున్నట్టే. 1970లలో న్యూయార్క్ నగరానికి ఈ కష్టమే వచ్చింది. 1975లో నగరపాలన దివాలా అంచుకు చేరింది. పార్కు సిబ్బంది తగ్గారు. 843 ఎకరాల సెంట్రల్ పార్కులో పచ్చిక ఎండింది, బెంచీలు విరిగాయి, గోడల నిండా పిచ్చిరాతలు. జనం రాక తగ్గినకొద్దీ భయం మరీ పెరిగింది.

1979లో, పార్కుల కమిషనర్ గార్డన్ డేవిస్ హయాంలో, అర్బన్ పార్క్ రేంజర్లు వచ్చారు. యూనిఫాం వేసుకుని బాటల వెంట తిరుగుతారు. దారి చెబుతారు, పిల్లలకు చెట్లనూ పిట్టలనూ చూపిస్తారు, నియమం తప్పినవారికి నచ్చజెబుతారు. నాకు బాగా నచ్చింది ఇదే: కాపలాకు వచ్చిన మనిషి పలకరించే మనిషి కూడా కావడం. రోజూ కనిపించే మనిషికి జనం అన్నీ చెప్పుకుంటారు: వెలగని దీపం, తప్పిపోయిన పిల్ల, వెంటపడుతున్న ఆకతాయి. సీసీ కెమెరాకు ఇవేవీ చెప్పుకోలేం కదా!

మన నగరాల్లో చాలా పార్కులకు గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు, లోపల తిరిగేవారే తక్కువ. హైదరాబాద్‌లో 2014 నుంచి మహిళల భద్రత చూసే పోలీసు బృందాలైన షీ టీమ్స్ బహిరంగ స్థలాల్లో నిఘా పెడుతున్నాయి. వాటికి తోడుగా శిక్షణ పొందిన పార్కు రక్షకులు కావాలి, వారిలో మహిళలూ ఉండాలి. మీ మున్సిపల్ కార్యాలయానికి ఈ మాట రాసి ఇవ్వండి. ఆపద ఎదురైతే మాత్రం ఆలస్యం చేయకుండా 112కు ఫోన్ చేయండి.