పక్షవాతం తర్వాత నడక: కొలిస్తే తెలిసేది
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బడిలో పాఠాలు చెప్పే మనిషిని, డాక్టర్ని కాను. మా అమ్మీ కాలు నాకు నేర్పిన ఒక సంగతి మీతో చెప్పుకోవాలని నిలబడ్డాను.

మేడ్చల్‌లో మా ఇంటి వరండాలో అమ్మీ ముప్పై ఏళ్లు కుట్టుమిషన్ తొక్కింది. ఆ సంపాదనతోనే నేను బి.ఎడ్. చదివాను. పక్షవాతం వచ్చాక ఆమె కుడి పాదం నేలకు ఈడ్చుకుంటూ నడిచేది. చెప్పు జారిపోయేది. గడప తగిలి రెండుసార్లు పడింది. "కాలెత్తి వెయ్యి, అమ్మీ!" అని క్లాసులో పిల్లల్ని గదమాయించినట్టే గదమాయించాను.

అది ఆమె బద్ధకం కాదని ఒక పరీక్షలో తేలింది. మోకాలి కింద ముందువైపు, వెనక పిక్క మీద చిన్న బిళ్లలు అంటించి నడిపిస్తారు. సూదులు గుచ్చరు. మెదడు ఆజ్ఞ నరం గుండా అందగానే కండరంలో అతి స్వల్పంగా విద్యుత్తు పుడుతుంది. యంత్రం దాన్ని పెంచి గీతలుగా చూపుతుంది. దీన్నే ఇ.ఎం.జి. అంటారు. ఏ కండరం ఎప్పుడు పని మొదలుపెట్టింది, ఎప్పుడు ఆపింది అన్నది ఆ గీతల్లో తెలుస్తుంది.

మామూలు నడకలో పాదం గాలిలో ఉన్నప్పుడు ముందు కండరం వేళ్లను పైకి లేపుతుంది. పాదం నేల మీద ఉన్నప్పుడు పిక్క మనిషిని ముందుకు నెడుతుంది. అమ్మీకి ముందు కండరం పనిచేస్తూనే ఉంది. కాని అదే సమయంలో పిక్క కూడా బిగుసుకుని పాదాన్ని కిందికి లాగుతోంది.

ముందు కండరం బలహీనమైనా, పిక్క బిగుసుకున్నా చూసేవాళ్లకు పాదం ఒకేలా ఈడుస్తుంది. వైద్యం మాత్రం వేరు. మొదటిదానికి పాదాన్ని నిలిపే స్ప్లింటు, లేదా విద్యుత్ ప్రేరణ. మడమ లేవగానే నరానికి విద్యుత్తు పంపి పాదాన్ని లేపే పరికరాన్ని అమెరికాలో లిబర్సన్ బృందం 1961లోనే వివరించింది. రెండోదానికి సాగదీసే వ్యాయామాలు, అవసరమైతే బొటులినమ్ ఇంజెక్షన్. ఈ పరీక్ష కండరం బలాన్ని నేరుగా కొలవదు. అందుకే డాక్టర్లు చేత్తో పరీక్షించి, నడక చూసి, దీన్ని కూడా కలుపుకుని నిర్ణయిస్తారు.

ఈ పరీక్షకు అమ్మీ రెండు నెలలు ఒప్పుకోలేదు. మోకాలి దాకా బట్ట తొలగించాలి, చేసేది మగవాడు. ఒక అమ్మాయి ఫిజియోథెరపిస్ట్ దొరికాకే ఒప్పుకుంది. పక్షవాతం తర్వాత ఎక్కువగా కోలుకునేది మొదటి నెలల్లోనే. అందులో రెండు పోయాయి.

దాతలారా, చక్రాల కుర్చీ ఇవ్వడం గొప్ప సవాబే. కాని నడవగల మనిషి కుర్చీకి పరిమితం కాకూడదు. నావి రెండు కోరికలు. మేడ్చల్, శామీర్‌పేట పల్లెల నుంచి ఫిజియోథెరపీకి వెళ్లే పేదలకు ఆటో చార్జీలు ఇవ్వండి. ఫిజియోథెరపీ చదివే మన ఆడపిల్లలకు ఫీజులు కట్టండి. ఇలాంటి యంత్రాల వెనక ఉండే ఎలక్ట్రానిక్స్ చదువు 2008లో మొదలైన బిట్స్ పిలానీ ప్రాంగణంలో, శామీర్‌పేట దగ్గరే ఉంది. మన తల్లులకు ఆ బిళ్లలు అంటించే ఆడపిల్ల చెయ్యే ఇంకా కావాలి.

అమ్మీ ఇప్పుడు గోడ పట్టుకోకుండా వుజూకు వెళ్తోంది. నమాజు ఇంకా కుర్చీ మీదే. నేను మాత్రం గదమాయించడం మానేశాను.